చమురు బలము: ట్రాక్టరు హైడ్రాలిక్ యంత్రము పనిచేయు విధము

ట్రాక్టరు నేడు రైతుల సొత్తు మాత్రమే కాదు. అనేక గ్రామములలో పంచాయతీ సొత్తు కూడ అయినది. తెలంగాణలో 2019వ సంవత్సరమున ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొనినవి. డ్రైవరు తన ప్రక్కనున్న చిన్న మీటను కదల్చగనే, చెత్తతోనో మట్టితోనో నిండిన ట్రాలీ పైకి లేచి బరువును క్రుమ్మరించుట మనమందరము చూచుచున్నదే. చేతితో కదలు మీటకు అంతటి బలము ఎక్కడినుండి వచ్చుచున్నది? ఆ బలమును ఎంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము పంచాయతీ సభ్యులు తెలిసికొనవలెనని మా అభిప్రాయము. ఏలన, ఇది ప్రజల ధనమునకును, పనివారి ప్రాణములకును సంబంధించిన విషయము.

మూలసూత్రము

మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా వ్యాపించును. ఈ సూత్రమును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ 17వ శతాబ్దమున వివరించెను. ఆయన గ్రంథము మరణానంతరము 1663లో వెలువడినది.

ఒక ఉదాహరణము చూతము. గొట్టముతో కలుపబడిన రెండు సిలిండర్లు కలవనుకొనుడు. ఒకదాని పిస్టను వైశాల్యము 1 చదరపు సెంటీమీటరు. రెండవదాని వైశాల్యము 50 చదరపు సెంటీమీటర్లు. చిన్న పిస్టనుపై 10 కిలోల బరువు మోపినచో, పెద్ద పిస్టను 500 కిలోలను ఎత్తగలదు. అయితే శక్తి ఊరక లభించదు. పెద్ద పిస్టను 1 సెంటీమీటరు లేచుటకు చిన్న పిస్టను 50 సెంటీమీటర్లు దిగవలెను. బలము పెరిగినకొలది కదలిక తగ్గును. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హక్కుపత్రము పొందిన ద్రవపీడన యంత్రము ఈ సూత్రముపైననే ఆధారపడినది.

యంత్రములోని భాగములు

ట్రాక్టరులో చిన్న పిస్టను చేయవలసిన పనిని పంపు చేయును. ఇంజను త్రిప్పుచుండగా అది తొట్టిలోని చమురును పీల్చి గొట్టములలోనికి నెట్టును. పెక్కు ట్రాక్టర్లలో చమురు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 నుండి 200 కిలోల వరకు ఉండును. 10 సెంటీమీటర్ల వ్యాసముగల పిస్టనుపై 150 కిలోల ఒత్తిడి పనిచేసినచో, 11 టన్నులకు మించిన బలము పుట్టును. ఒత్తిడి హద్దు మీరినచో గొట్టములు పగులకుండ రక్షించుటకు ఒక వాల్వు కలదు. అది తెరచుకొని, మిగులు చమురును తిరిగి తొట్టిలోనికి వదలును.

బలమిచ్చునది పంపు, ఆజ్ఞ ఇచ్చునది నియంత్రణ వాల్వు. మీటకు తగిలించిన ఈ వాల్వులో గాళ్లుగల ఒక కడ్డీ, నునుపైన రంధ్రములో ముందుకు వెనుకకు జరుగుచుండును. కడ్డీ ఒకవైపు జరిగినచో చమురు సిలిండరులోనికి పోయి ట్రాలీ లేచును. నడుమ నిలిచినచో సిలిండరు దారి మూసికొని, ట్రాలీ ఉన్నచోటనే ఆగును. రెండవవైపు జరిగినచో సిలిండరులోని చమురు తొట్టికి మరలి, ట్రాలీ తన బరువుచేతనే దిగును. కాలువకు తూము ఎట్టిదో చమురుకు ఈ వాల్వు అట్టిది.

మనిషి చేయి లేకయే ఈ వాల్వు పనిచేయునట్లు చేసినవాడు ఐర్లండు దేశీయుడైన హారీ ఫెర్గుసన్. నాగలికి నేల గట్టిగా తగిలినపుడు పై లంకె ఒక స్ప్రింగును నొక్కును. స్ప్రింగు వాల్వును జరుపును. నాగలి కొంచెము లేచును. నేల మెత్తబడగనే తిరిగి దిగును. ఈ విధానముగల ట్రాక్టరును ఆయన 1939లో హెన్రీ ఫోర్డుతో కలసి విపణిలోనికి తెచ్చెను. 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో గేర్లు తమంతట తామే మారుటకు కూడ ఇట్టి ఏర్పాటే కారణము. అందు బండి వేగమును తెలుపు చమురు ఒత్తిడి ఒకవైపునుండియు, ఇంజనుపై భారమును తెలుపు ఒత్తిడి రెండవవైపునుండియు వాల్వును నెట్టును. ఏది మిగిలినచో గేరు ఆ ప్రకారము మారును.

సభ్యులు గమనింపవలసినవి

ఎత్తిన ట్రాలీని నిలిపియుంచునది సిలిండరులో చిక్కిన చమురు మాత్రమే. గొట్టము పగిలినను, వాచరు అరిగినను, ఎవరైన మీటను తాకినను ట్రాలీ కూలును. కనుక ట్రాలీని ఖాళీచేసి, దానికి తగిన ఆధారపు కడ్డీని నిలుపనిదే దాని క్రిందికి ఎవరిని పోనీయరాదు. ఇది మొదటి నియమము.

ట్రాలీని ఎత్తుటకు ముందు నేల చదునుగా నున్నదో లేదో, పైన విద్యుత్తు తీగలు కలవో లేవో చూడవలెను. చమురు కారుచున్నచో వ్రేలితో తడిమి చూడరాదు. సన్నని ధారయైనను అధిక ఒత్తిడిచేత చర్మమును చీల్చి లోనికి పోగలదు. గాయము చిన్నదిగా కనిపించినను వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

చమురు పాలవలె తెల్లబడినచో నీరు కలసినదనియు, నురుగెత్తినచో గాలి చేరినదనియు గ్రహింపవలెను. దుమ్ము చేరిన చమురు పంపును, వాల్వును అరగదీయును. తయారుచేసినవారి పుస్తకములో తెలిపిన గడువు ప్రకారము, తెలిపిన రకపు చమురునే పోయించి, వడపోత సాధనమును మార్పించవలెను. చమురు ఖర్చును మిగుల్చబోయి పంపును పోగొట్టుకొనుట పొదుపు కాదు.

ట్రాక్టరు పుస్తకములో డీజిలు లెక్కతోపాటు చమురు మార్చిన తేదీయు, గొట్టములను పరీక్షించిన తేదీయు వ్రాయించి, పంచాయతీ సమావేశమున చదివించుడు. ఆధారపు కడ్డీ ట్రాలీలో ఉన్నదా యని నేడే విచారించుడు. లేనిచో వెంటనే చేయించుడు. అంతవరకు ఎత్తిన ట్రాలీ క్రింద పని నిలిపివేయుడు.