ఉద్యోగం అడుగుతున్నారా? భద్రత గురించీ అడగండి

ఉద్యోగం వెతుక్కునే మనిషికి రెండు భయాలుంటాయి. ఉద్యోగం రాదేమోనన్నది మొదటిది. దాన్ని ఇంట్లో చెప్పుకుంటాం, స్నేహితుల దగ్గర చెప్పుకుంటాం. వచ్చిన ఉద్యోగంలో ఏ ప్రమాదం పొంచి ఉందోనన్నది రెండోది. దాన్ని మాత్రం పైకి అనం. దొరికేదే కష్టమైతే మళ్లీ వంకలు కూడానా అంటారని జంకు. "ముందు చేరిపో, తర్వాత చూసుకుందాం" అని పెద్దలూ అంటారు, మన మనసూ అంటుంది. అలా అణిచిపెట్టిన ప్రశ్న ఎక్కడికీ పోదు. రాత్రి షిఫ్టుకు బయల్దేరే ప్రతిసారీ కడుపులో తిప్పుతూనే ఉంటుంది.

ఆ భయం ఉత్తిది కూడా కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. అయినా పరవాడ, జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీ గేట్ల ముందు బయోడేటాలు పట్టుకుని నిలబడేవాళ్లు తగ్గలేదు. వాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు. ఇంటద్దె ఆగదు, చెల్లెలి కాలేజీ ఫీజు ఆగదు.

అయితే అవసరం ఉన్నంత మాత్రాన నోరు మూసుకోవాలని ఎక్కడా లేదు. ఏ ప్రశ్న అడగాలో, ఎవరిని అడగాలో, ఎంత మర్యాదగా అడగాలో తెలియడం కూడా వ్యక్తిత్వంలో భాగమే. అది ఎవరికీ పుట్టుకతో రాదు. సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది.

నోరు ఎందుకు పెగలదు?

అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం వెతికే కుర్రాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూడండి. లేస్తూనే ఫోన్‌లో జాబ్ యాప్‌లు. రాత్రి పంపిన దరఖాస్తుకు జవాబు లేదు. టిఫిన్ మానేస్తే ఓ ముప్ఫై రూపాయలు మిగులుతాయి కదా అని లెక్క. సాయంత్రం ఇంటి నుంచి ఫోన్: "ఏమైంది నాన్నా?" అడిగే గొంతులో ప్రేమే ఉంటుంది, వినే చెవికి మాత్రం నిందలా తగులుతుంది. పక్క గదిలో వాడికి ఆఫర్ వచ్చిందని స్వీట్లు పంచుతుంటే నవ్వుతూ తీసుకోవాలి. నెలలు గడిచేకొద్దీ తన విలువ తనకే తక్కువగా కనిపిస్తుంది.

ఆ మనసుతో ఇంటర్వ్యూ గదిలోకి వెళ్తాడు. చివర్లో ఎదుటాయన "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటాడు. "ఏం లేదు సార్" అని లేచి వచ్చేస్తాడు. అడగడానికి ఏమీ లేక కాదు, అడిగితే ఉన్నది కాస్తా పోతుందేమోనని.

దీనికి మందు ఇంటర్వ్యూ గదిలో దొరకదు. అంతకు ముందే, రోజువారీ బతుకులో వెతుక్కోవాలి. మొదట ఒక కాగితం తీసుకుని చేతిలో ఉన్న డబ్బెంత, నెల ఖర్చెంత, ఎన్నాళ్లు ఆగగలరో రాయండి. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు మన పెద్దలు. ఆ బలుసాకు ఎన్నాళ్లు తినగలమో కూడా లెక్క వేసుకోవాలి. నాలుగు నెలలు ఆగగలనని తెలిసినవాడు చెడ్డ ఉద్యోగాన్ని వద్దనగలడు. లెక్క తెలియనివాడికి ప్రతి ఆఫరూ ఆఖరిదిలాగే కనిపిస్తుంది. గడువు మరీ తక్కువగా ఉంటే ట్యూషన్లో, పార్ట్‌టైమ్ పనో చూసుకుని దాన్ని కాస్త పెంచుకోండి. ఆ వచ్చే నాలుగు రూపాయల కంటే, అవి ఇచ్చే ధైర్యం విలువైనది.

రెండోది, వెతుకులాటకు వేళలు పెట్టుకోండి. మధ్యాహ్నం వరకు దరఖాస్తులు, ఫోన్లు. ఆ తర్వాత చదువు, సాధన. సాయంత్రం ఒక గంట నడక. రోజంతా ఫోన్ చూస్తూ కూర్చుంటే దరఖాస్తులు పెరగవు, దిగులు పెరుగుతుంది.

భయాన్ని ప్రశ్నగా మార్చండి

"కెమికల్ ఫ్యాక్టరీ అంటే భయంరా" అనేది భయం. "నేను చేసే పనిలో ఏ చోట, దేనివల్ల ప్రమాదం రావచ్చు?" అనేది ప్రశ్న. భయం అలాగే ఉంటే నిద్ర చెడగొడుతుంది. ప్రశ్నగా మారితే దారి చూపిస్తుంది.

బీఎస్సీ కెమిస్ట్రీ చదివి బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్ ఉద్యోగానికి వెళ్తున్నారనుకుందాం. ముందురోజు ఒక గంట కూర్చుంటే ఆ పని గురించి చాలా తెలుస్తుంది. రియాక్టర్‌లో మండే సాల్వెంట్ ఉండగా పైనుంచి పొడి గుమ్మరిస్తే స్థిర విద్యుత్తు పుడుతుంది. దాంతో చిన్న నిప్పురవ్వ లేచినా చాలు, మంటలు అంటుకోవడానికి. అందుకే పరికరాలకు ఎర్తింగ్ ఉండాలి, లోపలి గాలిని నైట్రోజన్‌తో తొలగించాలి. మండే స్వభావమున్న సన్నటి పొడి గాల్లో లేచినా, నిప్పు తగిలితే బాంబులా పేలవచ్చు. ఖాళీగా కనిపించే ట్యాంకులో ఆక్సిజన్ లేకపోవచ్చు. అందుకే గాలిని పరీక్షించి, రాతపూర్వకంగా పర్మిట్ ఇచ్చాకే మనిషిని దించాలి. లోపల ఒకరు పడిపోతే కాపాడబోయి వెంటనే దూకిన రెండో మనిషి కూడా పోవచ్చు.

ఈ మాత్రం తెలిసినవాడి భయం తగ్గుతుందని చెప్పను. కానీ దానికి ఒక రూపం వస్తుంది. ఎర్తింగ్ ఉందా, పర్మిట్ ఉందా, మాస్క్ ఉందా అని చూసే కన్ను వస్తుంది.

అడిగే తీరు

ప్రశ్న అడగడం వేరు, నిలదీయడం వేరు. "మీ కంపెనీలో సేఫ్టీ ఉందా?" అంటే ఎవరైనా ఉందనే అంటారు. పైగా చురుక్కుమంటుంది. పని నేర్చుకోవాలన్న ఆసక్తితో అడగండి:

"సార్, నన్ను ఏ బ్లాక్‌లో వేస్తారు? అక్కడ ఎక్కువగా ఏ సాల్వెంట్లు వాడతారు?"

"పనిలోకి దించే ముందు ట్రైనింగ్ ఎన్ని రోజులుంటుంది సార్?"

"మాక్ డ్రిల్ చివరిసారి ఎప్పుడు చేశారు సార్?"

ఈ మూడూ అడగడానికి నిమిషం పట్టదు. పని తెలిసిన మేనేజర్ ఇలాంటి కుర్రాణ్ని గుర్తుపెట్టుకుంటాడు, జాగ్రత్తగా ఉండేవాడు తన ప్లాంటుకు కావాలి కాబట్టి. "అవన్నీ నీకెందుకయ్యా, చేరతావా లేదా చెప్పు" అన్నాడనుకోండి, అది కూడా జవాబే. ఆ జవాబు చేరకముందే వినడం మీ అదృష్టం.

అద్దం ముందు నిలబడి ఈ ప్రశ్నలు పైకి అనండి. స్నేహితుణ్ని మేనేజర్‌గా కూర్చోబెట్టి అడగండి. మొదట గొంతు తడబడుతుంది. పదిసార్లు అన్నాక అదే సర్దుకుంటుంది.

గేటు బయట టీకొట్టు

ఇంటర్వ్యూ గదిలో చెప్పని సంగతులు గేటు బయట తెలుస్తాయి. షిఫ్టు మారే వేళకు టీకొట్టు దగ్గర నిలబడండి. బయటికొచ్చేవాళ్ల చేతులు చూడండి, కళ్లు ఎర్రబడ్డాయేమో చూడండి. కాళ్లకు సేఫ్టీ షూ ఉందా, చెప్పులేనా చూడండి. ఒక టీ చెప్పి పక్కనున్న మనిషిని పలకరించండి.

"అన్నా, మాస్కులు గిట్ల కంపెనీయే ఇస్తదా?"

"ఇస్తరు తమ్మీ. గని కార్ట్రిడ్జి మార్చరు. నెలలకొద్ది అదే పెట్టుకోవాలె."

ఇంత ముక్క చాలు. విషవాయువును పీల్చుకునే కార్ట్రిడ్జికి ఒక ఆయుష్షు ఉంటుంది. అది తీరాక ఆ మాస్క్ మొహానికి అలంకారమే. బ్రోచర్‌లో ఫొటో బాగానే ఉంటుంది, టీకొట్టు దగ్గర నిజం బయటపడుతుంది. ఒకరి మాట మీదే తేల్చేయకుండా ఇద్దరు ముగ్గురిని అడగండి. కోపం మీదున్నవాడు ఉన్నదానికంటే ఎక్కువ చెప్తాడు, కొత్తగా చేరినవాడు తక్కువ చెప్తాడు.

హక్కు మీ వైపే ఉంది

అడగడానికి మొహమాటపడేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలమందిని బలిగొంది. ఆ తర్వాతే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిచేసే చోట తన ఆరోగ్యానికీ ప్రాణానికీ సంబంధించిన సమాచారం అడిగే హక్కును కార్మికుడికి రాసిచ్చారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని, భద్రత కోసం చేసే ఏర్పాట్లకు ఉద్యోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదని ఆ కోడ్ చెబుతోంది. కాబట్టి భద్రత గురించి అడిగేటప్పుడు మీరు ఎవరి దయా కోరడం లేదు.

నియామక పత్రం మీద ఎవరి పేరుందో చూసుకోండి. కంపెనీదా, కాంట్రాక్టర్‌దా? నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉంటే, కనీసం 10 మంది పనిచేసే చోట ఈఎస్‌ఐ బీమా వర్తిస్తుంది. అందులో మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పనిలో గాయపడి ఇంట్లో ఉండాల్సి వస్తే వేతనంలో సుమారు 90 శాతం దాని ద్వారా అందుతుంది. మొదటి నెల జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ కోత కనిపించకపోతే రెండో నెల దాకా ఆగకండి, వెంటనే అడగండి.

అమ్మాయిలకు ఇంకో రెండు ప్రశ్నలు

ఆడపిల్లలకు యంత్రాల భయంతో పాటు మనుషుల భయమూ ఉంటుంది. రాత్రి షిఫ్టుకు క్యాబ్ ఇస్తారా, చివర దిగే అమ్మాయి ఒంటరిగా ఉంటే తోడు ఎవరుంటారు అని అడగాలి. అంతర్గత కమిటీలో ఎవరున్నారో కూడా అడగాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం కనీసం 10 మంది పనిచేసే ప్రతి చోటా ఆ కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షత వహించేది మహిళే కావాలి. అంతకంటే చిన్న సంస్థలో అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ చట్టం కంపెనీ క్యాబ్‌కూ వర్తిస్తుంది. ఇంకా ఉద్యోగంలో చేరని, ఇంటర్వ్యూకు వచ్చిన అమ్మాయికీ వర్తిస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇంటర్వ్యూ పేరుతో హోటల్ గదికి రమ్మన్నా, రాత్రిపూట రమ్మన్నా వెళ్లనవసరం లేదు. అలా వద్దన్నందుకు పోయిన అవకాశం అసలు అవకాశమే కాదు.

డబ్బు అడిగితే ఆగండి

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ... ఏ పేరుతో అడిగినా ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడం మొదటి ప్రమాద సూచిక. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనడం రెండోది. గల్ఫ్‌కు పంపిస్తామనే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి, సైబర్ మోసగాళ్ల చేతిలో చిక్కిన ఉత్తరాంధ్ర యువకుల కథలు 2024లో పత్రికల్లో చదివాం. చదువుకున్నవాళ్లే చిక్కారు. వాళ్లకు తెలివి లేక కాదు, ఆత్రం ఎక్కువై.

చేరాక కూడా

చేరిన మొదటి వారంలోనే అసలు పరీక్ష ఉంటుంది. పాత కార్మికుడు మాస్క్ తీసేసి పనిచేస్తుంటాడు. మీరు పెట్టుకుంటే నవ్వుతాడు. "పదేళ్ల నుంచి చేస్తున్నా, నాకేమైంది?" అంటాడు. వాదించకండి, తీసేయకండి. "మీకు అలవాటైంది అన్నా, నాకింకా కాలేదు" అని నవ్వి ఊరుకోండి. గౌరవం ఇస్తూనే తన మాట మీద నిలబడటం ఇదే.

ప్రాణాపాయం ఉందని గట్టిగా అనిపించిన పని చెప్తే, ముందు సూపర్‌వైజర్‌కు నోటితో చెప్పండి, తర్వాత సేఫ్టీ కమిటీ సభ్యుడికి చెప్పండి. చెప్పిన సంగతిని చిన్న మెసేజ్‌గానైనా రాసిపెట్టండి. తనిఖీ అధికారికి తెలిపే హక్కు కూడా చట్టం ఇచ్చింది. అలా చెప్పినందుకు ఎవరూ ఇబ్బంది పెట్టరని నేను హామీ ఇవ్వలేను. ఇబ్బంది పెట్టేచోట్లు ఉన్నాయి. అందుకే ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి చెప్పాలి. అందుకే ఎన్నాళ్లు ఆగగలరో లెక్క వేసుకోమని మొదట చెప్పింది.

భద్రత గురించి నేర్చుకున్నది వృథా పోదు. ప్రమాదం ముందుగా పసిగట్టే మనిషినే రేపు షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా పెడతారు. డిగ్రీ పక్కన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఒకటి చేసిపెట్టుకుంటే, ఈ రోజు మిమ్మల్ని భయపెడుతున్న విషయమే రేపు మీకు జీతం తెచ్చిపెట్టవచ్చు.

అడగందే అమ్మయినా పెట్టదంటాం. మరి ముక్కూమొహం తెలియని యజమాని అడక్కుండానే అన్నీ చూసుకుంటాడని ఎలా అనుకుంటాం? వచ్చే ఇంటర్వ్యూకు వెళ్లే ముందు సర్టిఫికెట్ల ఫైలులో ఒక తెల్ల కాగితం పెట్టుకోండి. దాని మీద మూడు ప్రశ్నలు రాసుకోండి. వాటిలో ఒక్కటైనా జీతం గురించి కాక, మీ ప్రాణం గురించి ఉండాలి. అడిగి రండి. ఆ ఉద్యోగం మీకు రావచ్చు, రాకపోవచ్చు. అడగడం మాత్రం మీకు వచ్చేసినట్టే, తర్వాతి ఇంటర్వ్యూ గదిలో అది పనికొస్తుంది.