ఇంటిపనిలో పిల్లల వంతు

2021లో కరోనా వల్ల మళ్ళీ బడులు మూతపడ్డాయి. తెలంగాణలో మార్చి 24 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదో తరగతి దాకా ఏప్రిల్ 20 నుంచి పిల్లలు ఇంటిపట్టునే ఉండిపోయారు. మే 5 నుంచి ఆంధ్రలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ పెట్టారు. మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 లోపే బయటి పనులు చక్కబెట్టుకోవాల్సి వచ్చింది. 2020లో సరిగ్గా ఉగాది నాడు లాక్‌డౌన్ మొదలైనప్పుడు పిల్లలకు అదంతా కొత్త. నాన్న పగలంతా ఇంట్లో ఉండటమే ఒక పండగ. 2021 వేసవిలో ఆ సంబరం లేకపోయింది. ఫోన్ మోగగానే పెద్దవాళ్ళ ముఖాలు మారిపోవడం పిల్లలు చూశారు. పక్కింటి తాతగారు ఏమయ్యారని అడిగితే ఎవరూ సరిగ్గా బదులు చెప్పకపోవడమూ గమనించారు.

"రోజంతా వీళ్ళను దేంట్లో పెట్టాలి? ఏం చేయించాలి?" ఇది అప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపించిన ప్రశ్న, పిల్లలు ఇంటిపట్టున ఉన్న ప్రతిసారీ వినిపించేదే. చేయించడానికి చాలా ఉన్నాయి. అయితే ముందుగా ఒక్క మాట. ఊరికే పొద్దుపోవడానికి ఇచ్చిన పని అరగంటలో విసుగు పుట్టిస్తుంది. "అమ్మా, ఇప్పుడేం చేయను?" అంటూ మళ్ళీ కొంగు పట్టుకుంటారు. ఈ ఇల్లు నడవడంలో నాకూ ఒక వంతు ఉంది, నేను చేయకపోతే ఆ పని ఆగుతుంది అని తెలిసిన పిల్లలు నిలకడగా ఉంటారు. వాళ్ళ భయమూ కొంత తగ్గుతుంది. అందుకే ఆటవస్తువులకంటే ముందు, పిల్లలకు ఇంట్లో ఒక వంతు ఇవ్వండి.

వంటింట్లో చోటివ్వండి

వేసవి ఆవకాయల కాలం. ముక్కలు కొట్టడం పెద్దల పని. జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పొర ఒలిచి, పొడిగుడ్డతో తుడవడం ఆరేళ్ళ పిల్లలు కూడా చేయగలరు. తడి తగిలితే పచ్చడి బూజు పడుతుందని చెప్పి చూడండి, ఎంత శ్రద్ధగా తుడుస్తారో! ఆవపిండి, కారం, ఉప్పు గిన్నెతో కొలవడం కాస్త పెద్దపిల్లలకు అప్పగించండి. ఆరు గిన్నెల ముక్కలకు ఏది ఎంత పడుతుందో, తొమ్మిదికైతే ఎంతో వాళ్ళనే లెక్క కట్టమనండి. మూడోనాడు తిరగ కలిపేటప్పుడు మొదటి ముద్ద ఆ పిల్లలకే పెట్టండి.

ఆవకాయ లేని ఇంట్లోనూ పని ఉంటుంది. నాలుగేళ్ళ వాళ్ళు కరివేపాకు దూస్తారు, ఉతికిన సాక్సులకు జతలు కలుపుతారు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళు పొద్దున్నే డాబా మీద వడియాలు పెట్టడానికి సాయం చేస్తారు, పప్పులో రాళ్ళు ఏరుతారు. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు మీరు పక్కన ఉంటే అన్నం వండుతారు, చారు కాస్తారు. ఒకపూట అన్నం మెత్తబడిందనుకోండి, కబుర్లు చెప్పుకుంటూ తినేయండి. మళ్ళీ రేపు కూడా వాళ్ళ చేతికే గిన్నె ఇవ్వండి.

ఒక్క జాగ్రత్త. వంతు అనగానే అది ఇంట్లోని ఆడపిల్ల నెత్తిన పడకూడదు. బడి మూసేసరికి అంట్లు, చీపురు, తమ్ముడి ఆలనాపాలనా అమ్మాయికీ, ఫోనూ పుస్తకమూ అబ్బాయికీ అయిపోతున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇద్దరికీ పనులు సమానంగా పంచండి. ఇద్దరికీ చదువుకునే వేళ సమానంగా ఉంచండి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పాఠాల వేళ ఎవరి చేతిలో ఉంటోందో గమనించండి. నాన్న కూడా పళ్ళెం కడిగితే అబ్బాయికి వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

రోజుకో వరస

గోడమీద నిమిషాల లెక్కన టైంటేబుల్ అతికిస్తే రెండోరోజుకే అది గొడవలకు కారణమవుతుంది. మూడు వేళలు మాత్రం తప్పకుండా చూడండి: లేచే వేళ, అందరూ కలిసి తినే వేళ, పడుకునే వేళ. మిగతాది ఎండను బట్టి సర్దుకోవచ్చు. చల్లగా ఉన్న పొద్దుటిపూట, సాయంత్రం పూట ఒళ్ళు అలిసే ఆటలు. మిట్టమధ్యాహ్నం నీడపట్టున పుస్తకాలు, బొమ్మలు, కూర్చుని ఆడే ఆటలు. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజూ గంటసేపయినా ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తాడాట, తొక్కుడుబిళ్ళ, పాట పెట్టుకుని గెంతడం, ఏదైనా సరే. అపార్ట్‌మెంటులో కింద ఇంటివాళ్ళకు ఇబ్బంది లేని వేళ చూసుకోండి.

ఫోన్ సంగతి. ఏడాది నిండని పసివాళ్ళకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదనీ అదే సంస్థ 2019లో చెప్పింది. పెద్దపిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు ఒక్కోసారి తప్పవు. కనుక పాఠం అయ్యాక కళ్ళకు విశ్రాంతి ఉండేలా చూడండి. భోజనాల దగ్గర ఫోన్ ఉండకూడదని ఒక నియమం పెట్టుకోండి, అది మీకూ వర్తించాలి. మహమ్మారి రోజుల్లో టీవీలో పొద్దస్తమానం నడిచే మరణాల లెక్కలు పిల్లల చెవిన పడనివ్వకండి. వార్తలు రోజుకోసారి చూస్తే చాలు.

తాతయ్యలూ అమ్మమ్మలూ

అమ్మమ్మ చేతికో తాతయ్య చేతికో ఉన్న పెద్ద టీకా మచ్చ గురించి వాళ్ళనే అడగమని పిల్లలకు చెప్పండి. మశూచిని అమ్మవారు అంటూ ఊరంతా వణికిన రోజుల గురించి వాళ్ళు చెబుతారు. మన దేశంలో 1975 తర్వాత ఆ జబ్బు తలెత్తలేదు. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. ఒక మహమ్మారిని మనుషులు టీకాతో పూర్తిగా వెళ్ళగొట్టారన్న సంగతి పిల్లలకు కొండంత ధైర్యం. కృష్ణా జిల్లా పెద్దవాళ్ళయితే 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన గురించి చెబుతారు. పెద్దవాళ్ళు వేరే ఊళ్ళో ఉంటే ఫోన్‌లో అడిగి, పిల్లలే నోటుపుస్తకంలో రాసుకోనివ్వండి. ఒంటరిగా ఉన్న ఆ పెద్దవాళ్ళకూ రోజుకో పలకరింపు దొరుకుతుంది.

వాళ్ళ ఆటలూ నేర్చుకోమనండి. అష్టాచెమ్మాకు కావలసింది గచ్చు మీద సుద్దముక్కతో గీసిన అయిదేసి గళ్ళ చదరం, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒక పక్క అరగదీసినా సరిపోతుంది. వామనగుంటలకు వరసకు ఏడు చొప్పున రెండు వరసల గుంటలు కావాలి. పీట లేకపోతే చిన్నగిన్నెలు పెట్టుకోవచ్చు. పులి–మేక ఆటలో తక్కువమంది బలవంతులను ఎక్కువమంది బలహీనులు కలిసి ఎలా కట్టేస్తారో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెడతారు. ఒకే గదిలో సంసారం చేసే కుటుంబానికి కూడా ఇవన్నీ అందే ఆటలే.

చూసి, కొలిచి, రాసేవి

నెలల తరబడి సాగే పని ఒకటి మొదలుపెట్టండి. పాత డబ్బాలో మట్టి పోసి మెంతులు చల్లితే కొద్దిరోజుల్లోనే మొలకలు వస్తాయి, తోటకూర నెల తిరిగేసరికి కూరకు వస్తుంది. రోజూ ఎంత ఎదిగిందో పిల్లలే కొలిచి రాయాలి. డాబా ఉంటే ఒక కర్రను నిటారుగా నిలబెట్టి, రోజూ మధ్యాహ్నం ఒకే సమయానికి దాని నీడ కొన ఎక్కడ పడుతోందో సుద్దతో గుర్తు పెట్టించండి. అయిదే నిమిషాల పని, నెత్తిన టోపీ మరవద్దు. కర్కటరేఖకు దిగువన ఉన్న మన ఊళ్ళన్నిటికీ ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ క్షణాన నిటారుగా ఉన్నదేనికీ పక్కకు నీడ పడదు. హైదరాబాద్‌లో అది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మళ్ళీ వస్తుంది. అప్పటిదాకా నీడ వెంట నడిచిన పిల్లలకు ఆ రోజు గొప్ప బహుమతి.

ఎదిగిన పిల్లలకు ఎదిగిన పనులు

పదో తరగతి పిల్లలను మరచిపోకండి. 2020లో రెండు రాష్ట్రాల్లోనూ పరీక్షలు రద్దయ్యాయి, 2021లో తెలంగాణలో మళ్ళీ రద్దయ్యాయి. "పరీక్షలు లేవుగా, హాయి" అని మనం అనేశాం. ఏడాదంతా చదివి రాయలేకపోయిన పిల్లలకు అది నష్టమే. స్నేహితులకు వీడ్కోలు కూడా చెప్పుకోలేకపోయారు. ఆ వయసు పిల్లలు గది తలుపు వేసుకుంటే కాసేపు అలా ఉండనివ్వండి. తర్వాత బరువైన పని అప్పగించండి. నానమ్మకు వీడియో కాల్ నేర్పడం, తమ్ముడికి లెక్కలు చెప్పడం, నెల సరుకుల ఖర్చు రాయడం. ఇల్లు తనమీద ఆధారపడుతోందని తెలిస్తే ఆ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

జబ్బు ఇంటికే వస్తే

అమ్మో నాన్నో వేరే గదిలో ఉండాల్సి వస్తే పిల్లలతో అబద్ధం చెప్పకండి. "నాన్నకు జ్వరం వచ్చింది. మనకు అంటకూడదని ఆ గదిలో ఉన్నారు. నీకు అన్నం పిన్ని పెడుతుంది, రాత్రి నాయనమ్మ పక్కన పడుకుంటావు" అని, తన రోజు ఎలా గడుస్తుందో చెబితే పిల్లలు నిమ్మళిస్తారు. రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేయించండి. గీసిన బొమ్మలు తలుపు సందులోంచి పంపనివ్వండి. ఇద్దరూ పడకేస్తే పిల్లలను చూసేదెవరో ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి. అయినవాళ్ళెవరూ అందుబాటులో లేని పిల్లలు కనబడితే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

చనిపోయినవాళ్ళ సంగతి దాచి, "ఊరెళ్ళారు" అని చెప్పొద్దు. దగ్గరకు తీసుకుని, వయసుకు తగ్గ మాటల్లో నిజం చెప్పండి, కలిసి ఏడవండి. నిద్రలో ఉలిక్కిపడటం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, తిండి తగ్గడం, మిమ్మల్ని వదలకపోవడం కొన్నాళ్ళు సహజమే. తిట్టకండి. వారాలు గడిచినా తగ్గకపోతే పిల్లల డాక్టరుతో మాట్లాడండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మీరూ అలసిపోయి ఉంటారు. ఇంట్లోంచే ఉద్యోగం చేస్తూనో, పని పోయి దిగులుతోనో రోజులు నెట్టుకొస్తుంటారు. ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: "రేపటి నుంచి ఇంట్లో ఏ పని నీది?" ఏ పని చెప్పినా సరేననండి. ఆ పనిని వాళ్ళకు వదిలేయండి, ఆలస్యమైనా మీరు ముట్టుకోవద్దు. అయ్యాక వాళ్ళ పేరు పెట్టి మెచ్చుకోండి. బడి తలుపులు తెరిచాక కూడా ఆ పని వాళ్ళదిగానే ఉండనివ్వండి.