సపోర్ట్ వర్కర్ జీతం: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

మన కుటుంబాల పిల్లలు కొందరు చదువుల కోసం ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడ వికలాంగులకు సపోర్ట్ వర్కర్లుగా పనిచేస్తున్నారు. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, మంచం మీద నుండి చక్రాల కుర్చీలోకి మార్చడం. నడుము విరిగే పని, నర్సులమైన మాకు తెలుసు.

దీనికి జీతం యజమాని ఇష్టప్రకారం కాదు. ‘అవార్డు’ అనే చట్టబద్ధమైన ఉత్తర్వు కనీస రేటు నిర్ణయిస్తుంది. ఏటా జూలైలో రేటు మారుతుంది గనుక నిరుటి కాగితంతో లెక్క వేయవద్దు. క్యాజువల్‌గా చేరినవారికి 25 శాతం అదనం, ఎందుకంటే వారికి జీతంతో కూడిన వార్షిక సెలవు, జబ్బు సెలవు ఉండవు. పర్మనెంటు వారికి శనివారం ఒకటిన్నర రెట్లు, ఆదివారం రెట్టింపు. క్యాజువల్ వారికి ఆ 25 శాతం దీనిపైన కలుస్తుంది. గంట పనిచేయించి పంపివేసినా రెండు గంటల జీతం ఇవ్వాలి. 2025 జూలై నుండి పదవీ విరమణ నిధికి యజమాని 12 శాతం వేరుగా కట్టాలి.

మోసం ఎక్కువగా ఒకచోట జరుగుతుంది. “ఏ.బి.ఎన్. నంబరు తెచ్చుకో” అని, పిల్లవాణ్ణి సొంత వ్యాపారిగా చూపి ఇవన్నీ ఎగవేస్తారు. వేళలు, పని, రేటు అన్నీ సంస్థే నిర్ణయిస్తే అతడు సాధారణంగా ఉద్యోగే!

చదువు సాగే రోజుల్లో విద్యార్థి వీసాపై రెండు వారాలకు 48 గంటలే పనిచేయాలి. ఆ హద్దు దాటావని బెదిరించి, చేసిన పనికి జీతం ఆపడం మాత్రం చెల్లదు. ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ ఉచితంగా సహాయం చేస్తుంది. పాత బాకీ ఆరేళ్ళ వరకు అడగవచ్చు.

ఫోనులో “తిన్నావా?” అని అడిగేటప్పుడు “పే స్లిప్ ఇస్తున్నారా?” అని కూడా అడగండి. జీతం ఇచ్చిన ఒక పనిదినంలోగా అది చేతికి రావాలి.