పేరును, పనియును

బౌద్ధనగరము, తార్నాకలనుండి మా పాఠశాలకు వచ్చు విద్యార్థులు పలువురు కలరు. పై తరగతివారిని “మీరేమి కాగోరుచున్నారు, దేనికొఱకు?” అని యడుగగా, కొందఱు వైద్యులమనియు, కొందఱు ఇంజనీర్లమనియు, అంతకంటె నెక్కువమంది “ప్రసిద్ధులము కావలె”ననియు వ్రాసిరి. దేనికొఱకను చోటును చాలమంది ఖాళీగానే విడిచిరి. మేము నవ్వుకొంటిమి. పిదప మా బల్లపై ఏనాటి విద్యార్థియో చాకుతో చెక్కిన పేరు కనబడి నవ్వు మానితిమి. ఈ కోరిక నేటిది కాదు.

బౌద్ధనగరమునకు ఉస్మానియా విశ్వవిద్యాలయము దూరము కాదు. అందలి ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934లో శంకుస్థాపన జరిగెను. 1939లో నిజాము దానిని ప్రారంభించెను. నమూనా గీసిన జాస్పరను బెల్జియము దేశస్థుని పేరు గ్రంథములలో నున్నది. ఆ రాళ్లను చెక్కినవారి పేళ్లను అడుగువారు అరుదు.

1938లో ఆ విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతరము పాడుటను ప్రభుత్వము నిషేధించెను. మానమన్న విద్యార్థులను కొన్ని వందలమందిని వెడలగొట్టిరి. చదువు పోవుననియు, ఇంటివద్ద తలిదండ్రులు కన్నీరు పెట్టుదురనియు వారెఱుగుదురు. అందు పలువురకు నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. ఆ యుద్యమములో బహిష్కృతులైనవారిలో పి.వి. నరసింహారావుగారొకరు. ఆయన 1991లో భారత ప్రధానమంత్రి యయ్యెను. ఆ వందలలో దేశమంతట వినబడిన పేళ్లు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. పాడినప్పుడు మాత్రము అందఱి కంఠమును ఒక్కటియే.

ఆ పేరైనను స్థిరముగా నిలిచినదా? 1996లో పదవి పోయెను. 2000లో న్యాయస్థానము శిక్ష విధించెను. 2002లో హైకోర్టు దానిని కొట్టివేసెను. 2004లో ఆయన మరణించెను. 2024లో భారతరత్న మిచ్చిరి. పొగడిన నోళ్లే తెగడుట, తెగడిన నోళ్లే మరల పొగడుట మనుష్య స్వభావమే కాబోలు. ఆయన విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోనికి తెచ్చిన ‘సహస్రఫణ్’ మాత్రము 1968లో ఎట్లుండెనో నేడును అట్లే యున్నది. మా మట్టుకు మాకు ఆ కీర్తికంటె ఆ యనువాదపు ఓపికయే యెక్కువ యాశ్చర్యము.

ఆ కాలముననే వావిలాల రామచంద్రరావుగారు చెఱసాలలో కొరడా దెబ్బలు తినుచు, దెబ్బ దెబ్బకు వందేమాతరమని పలికిరి. నాటినుండి జనులాయనను వందేమాతరం రామచంద్రరావు అనిరి. ఇంటిపేరు మఱుగుపడి, పలికిన మాటయే ఇంటిపేరైనది! పేరు కొఱకు పాకులాడువారు తమ ఇంటిపేరును అట్లు పోగొట్టుకొన నొప్పుకొందురా?

ఆ కాగితములను తిరిగి యిచ్చి, ఖాళీ చోటును నింపి తెండని చెప్పితిమి. కొందఱింకను తేలేదు. ఒక బాలిక మాత్రము “మా తాత రాళ్లు కొట్టెడివాడు. ఆర్ట్సు కళాశాల రాళ్లు కొట్టినవారెవరో అడిగి వ్రాయుదును” అని వ్రాసి తెచ్చినది. వచ్చే సెలవులలో వారి వాడలోని ముసలివారియొద్దకు మేమును ఆమెతో పోవుటకు ఒప్పుకొంటిమి.