అజ్ఞాతలిపియు పఠనానుభవమును: ‘ట్యూనిక్’ ఆటపై ఒక పరిశీలనము

గ్రంథము చేతనున్నది, దాని లిపి మాత్రము తెలియదు. అట్టి స్థితిలో పాఠకుడు ఆ గ్రంథమునుండి గ్రహింపగలిగినది ఎంత? శాసన పరిశోధకులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. తెలుగునాట వెలుపల తెలుగు బోధించువారికి ప్రతి విద్యాసంవత్సరారంభమునను ఇది ఎదురగుచునే యుండును. ఈ ప్రశ్ననే ప్రాణముగా గొని నిర్మింపబడిన వీడియో గేము ఒకటి కలదు. దాని పేరు ‘ట్యూనిక్’. సాహిత్య భాషాధ్యయనపరులు ఇట్టి ఆటలను బాలుర కాలక్షేపములని యెంచి విడిచిపెట్టుట పరిపాటి. ఈ ఆట అట్లు విడువదగినది కాదనియు, అక్షరబోధనమును గూర్చి మనము తిరిగి ఆలోచించుటకు ఇందు కొంత సామగ్రి కలదనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

మొదట కృతి వివరములు. కెనడా దేశమున నోవాస్కోషియా ప్రావిన్సునందలి హాలిఫాక్సు నగరవాసి ఆండ్రూ షోల్డైస్ దీనికి ప్రధానకర్త. ఆయన 2015లో పని ప్రారంభింపగా, ఆట 2022 మార్చి 16వ తేదీన వెలువడినది. ఫింజి అను చిన్న సంస్థ దీనిని ప్రచురించినది. లైఫ్‌ఫార్మ్‌డ్ అను పేర ప్రసిద్ధుడైన టెరెన్స్ లీయు, జానిస్ క్వానును సంగీతము కూర్చిరి. వందలకొలది ఉద్యోగులు గల మహాసంస్థలు నిర్మించు ఆటలవంటిది కాక, కొలదిమంది సహాయముతో ఒక వ్యక్తి ఏండ్ల తరబడి తీర్చిన స్వతంత్ర కృతి యిది. ట్యూనిక్ అనగా మోకాళ్లదాక దిగు పొట్టిచేతుల అంగీవంటి వస్త్రము. 1986లో జపానునందు నింటెండో సంస్థ వెలువరించిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఆటల పరంపరలోని నాయకుడు ధరించు పచ్చని అంగీని ఈ పేరు స్మరింపజేయును. కథానాయకుడు ఇచ్చట మనుష్యుడు కాడు, ఒక నక్కపిల్ల.

నక్కపిల్ల ఒక సముద్రతీరమున మేల్కొనును. చేత ఆయుధము లేదు. ఎచ్చటినుండి వచ్చెనో, ఎచ్చటికి పోవలెనో చెప్పువారు లేరు. మొదట ఒక కఱ్ఱ దొరకును. పిదప ఖడ్గము, డాలు. తూర్పున ఒకటి, పడమట ఒకటి గల రెండు ఘంటలను మ్రోగించినగాని మూయబడిన దేవాలయద్వారము తెరచుకొనదు. అటుపైని మూడు రంగుల మణులను సాధింపవలెను. ఇంతవరకు కథ పాతదే. కాని లోకచిత్రణమునందలి శాంతి అపూర్వము. చెట్లసందులనుండి వాలు వెలుగు, శిథిలములపై పచ్చిక, నిలుకడైన నీరు, తొందరపడని సంగీతము, ఇవన్నియు ఆటకాని మనస్సును మెల్లమెల్లగా లోగొనును. ఆ శాంతిలోనే భయమును కలదు. శత్రువులు బలవంతులు, నక్కపిల్ల అల్పప్రాణి. మన ఆలంకారికులు చెప్పిన అద్భుత భయానకములు రెండును ఇందు ఒకదానినొకటి చెరుపక నడచుచుండుట గమనింపదగినది.

అయినను ఈ కృతియొక్క విశేషము యుద్ధమునందు లేదు. అది ఒక పుస్తకమునందున్నది. పూర్వము ఆటలను కొన్నప్పుడు పెట్టెలో అచ్చుపుస్తక మొకటి వచ్చెడిది. మీటల వివరము, పటములు, శత్రువుల బొమ్మలు అందుండెడివి. ‘ట్యూనిక్’ లోకమున అట్టి పుస్తకపు పుటలు విడివిడిగా చెదరియున్నవి. నక్కపిల్ల ఒక్కొక్క పుటనే ఏరుకొనుచు పోవును. అవి వరుసగా దొరకవు. పుటలపై ఆంగ్లపదములు అచ్చటచ్చట మాత్రమే కనబడును. మిగిలినదంతయు ఎవ్వరును చూడని లిపి. బొమ్మలప్రక్కను, అంచులయందును ఎవరో కలముతో వ్రాసికొన్న గుర్తులును కలవు. మనకు ముందు ఈ పుస్తకమును చదివిన అజ్ఞాతపాఠకు డొకడు కలడని వానివలన తెలియును. తాళపత్రప్రతుల అంచులయందు పూర్వులు చేసిన గుర్తులను చూచినవారికి ఈ సాన్నిహిత్యము ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంకను చదువు నేర్వని వయస్సున ఆటల పుస్తకములను చేతబట్టి, ఏదో రహస్యము తెలిసినట్లును తెలియనట్లును తోచిన బాల్యానుభవమే ఈ కల్పనకు మూలమని కర్త చెప్పియున్నాడు.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. సాధారణముగా ఇట్టి ఆటలయందు నాయకునకు క్రమముగ క్రొత్తశక్తులు లభించును. ఎగురలేనివాడు ఎగురును, రాతిని కదల్పలేనివాడు కదల్చును. ‘ట్యూనిక్’ నందు ముఖ్యమైన శక్తులు కొన్ని మొదటినుండియు నక్కపిల్లకు కలవు. ఒక మీటను కొంతసేపు నొక్కిపట్టినచో అది మోకరిల్లి ప్రార్థించును. ఆ ప్రార్థనవలన జడమైయున్న స్తంభములు చైతన్యము పొందును. ఆటారంభమునందే ఇది చేయవచ్చును. కాని చేయవచ్చునని ఆటకానికి తెలియదు. దానిని తెలుపు పుట చాల దూరము పోయినగాని దొరకదు. కొన్ని వస్తువులను విగ్రహములయొద్ద సమర్పించి బలము పెంచుకొనుటయు అట్టిదే. దారుల విషయమును ఇంతే. గోడచాటున ఒక మార్గము మొదటి దినమునుండియు తెరచియే యుండును. చూపు కోణమువలన మరుగుపడినదగుటచే మనము గుర్తింపము. కావున ఇచ్చట వృద్ధి పొందునది నాయకుని దేహబలము కాదు, పాఠకుని జ్ఞానము. లేనిది వచ్చుట కాదు, ఉన్నది తెలియుట. ఈ ఆటయందు చదువుటే ప్రధానాయుధమని చెప్పినచో అతిశయోక్తి కాదు.

ఇక లిపినిర్మాణమును పరిశీలింతము. దీనిని మొదట చూచిన ఆంగ్లపాఠకుడు ఇరువదియారు అక్షరములకు బదులుగా ఇరువదియారు గుర్తు లుండునని భావించి వెదకును, విఫలుడగును. ఏలయనగా ఇది వర్ణక్రమమును అనుసరించినది కాదు, ఉచ్చారణమును అనుసరించినది. భాష ఆంగ్లమే, పట్టుబడునది ధ్వని. ప్రతి గుర్తును షట్కోణపు చట్రమునందు గీచిన చిన్నరేఖల కూడిక. లోపలి రేఖలు హల్లును, వెలుపలి అంచురేఖలు అచ్చును తెలుపును. రెండును కూడి ఒక్క గుర్తగును. ఒక పదమునకు చెందిన గుర్తులన్నింటిని నడుమనుండి పోవు అడ్డగీత యొకటి కలుపును. అచ్చు హల్లునకు ముందు పలుకవలసివచ్చినపుడు గుర్తు క్రింద చిన్న సున్న యుంచబడును. తేనీటిని తెలుపు ‘టీ’ అను పదమునకును, తినుటను తెలుపు ‘ఈట్’ అను పదమునకును గుర్తు ఒక్కటే. రెండవదాని క్రింద సున్న యుండును. భేదమంతయు అంతే.

గుణింతము వల్లించి పెరిగిన మనకు ఇది పరాయిది కాదు. హల్లుపై అచ్చుగుర్తు చేరి ఒకే అక్షరమగుట బ్రాహ్మీసంతతికి చెందిన లిపులన్నిటికిని జీవలక్షణము. పదమును బంధించు అడ్డగీత నాగరిలిపి శిరోరేఖను తలపించును; అది తలపైని, ఇది నడుమను. వ్రాతక్రమము వేరు, పలుకుక్రమము వేరు అగుటకును మనయందు ఉదాహరణములు కలవు. పూర్వపు తెలుగు వ్రాతలో వలపలగిలక అట్టిదే: ‘ధమ౯ము’ అని వ్రాసి ‘ధర్మము’ అని చదివెడివారు. రేఫము మకారమునకు ముందు పలుకబడును, వెనుక వ్రాయబడును. కన్నడమున ఈ పద్ధతి నేటికిని నిలిచియున్నది. నాగరియందలి హ్రస్వ ఇకారము దీనికి విలోమము. ముందు వ్రాయబడి వెనుక పలుకబడును.

భేదములను చెప్పవలెను. మన లిపులందు గుర్తులేని హల్లున అకారము సహజముగ నుండును. ‘ట్యూనిక్’ లిపియందు అచ్చురేఖ లేనిచో అది శుద్ధహల్లే. ఈ విషయమున అది మన సాధారణ పద్ధతికంటె భట్టిప్రోలు శాసనముల లిపికి దగ్గర. బాపట్ల జిల్లాయందలి స్తూపమునందు లభించిన ఆ ధాతుకరండముల వ్రాతలో హ్రస్వ అకారమునకును ప్రత్యేకముగ ఒక గీత చేర్పబడుట లిపిశాస్త్రజ్ఞులు ఎఱిగినదే. మఱియు ఈ లిపియందు సంయుక్తాక్షరములు లేవు, ఒత్తు లేదు. ఇచ్చట చూపిన సామ్యము నిర్మాణమునకు చెందినదేగాని జన్యజనక సంబంధము ప్రతిపాదించుటకు కాదు. కొరియా దేశపు హంగుల్ లిపియు ధ్వనిరేఖలను ఒకే చట్రమునందు కూర్చునదే. ధ్వనిని తఱచి చూచినవారు వేర్వేరు చోటుల ఒకే ఉపాయమునకు వచ్చుట సంభవము.

ఈ లిపిని చదువ యత్నించు ఆటకాడు నడచు మార్గము మనకు మఱియు పరిచితము. 1834లో జేమ్స్ ప్రిన్సెప్ అలహాబాదు స్తంభలిపిని పరిశీలించి, ఒకే మూలరూపము వేర్వేరు గీతలు చేర్చుకొని మార్పు చెందుచున్నదని పట్టికవేసి చూపెను. అనగా ఏ అక్షరమును పలుకుట తెలియకమునుపే ఆయనకు గుణింతము తెలిసినది. 1837లో సాంచీ ప్రాకారముపైని చిన్నచిన్న వ్రాతలు పెక్కు ఒకే రెండక్షరములతో ముగియుట చూచి, అవి భక్తుల కానుకలు గావున ఆ పదము ‘దానం’ అయి యుండునని ఊహించెను. ఆ ఊహవలన బ్రాహ్మీలిపి తెరచుకొన్నది. మొదట నిర్మాణము, తరువాత సందర్భము, ఆపైని ధ్వని. ‘ట్యూనిక్’ పుటలయందును ఇదే క్రమము. ఖడ్గము బొమ్మప్రక్క నున్న పదము ఖడ్గవాచకమని ఊహించి, ఆ రేఖలను మఱియొక పదమున గుర్తించి, క్రమముగ ముందునకు పోవలెను. లిపిని ఛేదింపకయే ఆటను పూర్తిచేయవచ్చును. బొమ్మలు, అంచు వ్రాతలు, ఊహ చాలును. ఛేదించినవానికి మాత్రము లోకము రెట్టింపగును.

ఇచ్చట ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలెను. చదువలేకపోవుట యందలి రమణీయత చదువ నేర్చినవారికి మాత్రమే అనుభవయోగ్యము. బస్సుపైని ఊరిపేరు చదువలేక ప్రక్కవానిని అడుగు శ్రామికునకు, బ్యాంకు కాగితముపై ఏమి వ్రాసియున్నదో తెలియక వేలిముద్ర వేయు వృద్ధురాలికి, అజ్ఞాతలిపి అద్భుతరసమును కలిగింపదు. అవమానమును, ఒక్కొక్కప్పుడు నష్టమును కలిగించును. ఆటకాడు ఎప్పుడైనను యంత్రము నాపి తనకు తెలిసిన లిపిలోనికి తిరిగిరాగలడు. వారు రాలేరు. ఈ భేదమును మరచి నిరక్షరతను కవిత్వీకరించుట పండితులకు తగదు.

ఆటయే ఈ ఆక్షేపమును కొంతవరకు ఎఱుగునని దాని ముగింపువలన తోచుచున్నది. లోకమధ్యమున బందీయైయున్న ‘వారసురాలు’ అను పాత్రతో నక్కపిల్ల పోరాడవలెను. కేవలము బలముతో జయించినచో నక్కపిల్లయే ఆమె స్థానమున బందీ యగును. జయించినవాడే తరువాతి ఖైదీ. పుటలన్నింటిని కూర్చి పుస్తకమును సంపూర్ణముచేసి ఆమె కందించినచో యుద్ధము లేదు, చెఱయును లేదు. తాను కష్టపడి చదివినదానిని ఎదుటివానితో పంచుకొనుటయే విముక్తిగా నిరూపింపబడినది. విద్య పంచినకొలది పెరుగునను మన లోకోక్తికి ఇది దృశ్యరూపము. పుస్తకమును రహస్యముగ దాచుకొన్న పాఠకునకు ఆటయందలి మొదటి ముగింపే దక్కును.

ఇందుండి బోధకులు గ్రహింపదగినది యేమి? తెలుగేతర విద్యార్థులకు మనము సాధారణముగ అకారాదిగ వర్ణమాలను, పిదప గుణింతమును, పిదప ఒత్తులను నేర్పి, చివరకు పదములకు వత్తుము. పద్ధతి క్రమబద్ధమే. కాని మన విద్యార్థులలో హెచ్చుమంది వేఱొక లిపిని చక్కగ ఎఱిగిన పెద్దలు. వారికి ఊహించు శక్తి కలదు. ఆ శక్తిని మనము వారముల తరబడి పనిలేక యుంచుచున్నాము. రైలు స్టేషను ఫలకముపైని ఊరిపేరు తెలుగు, హిందీ, ఆంగ్లములందు వ్రాసియుండును. ‘కాకినాడ’ అను ఫలకమును మొదటి దినముననే ఎదుట నుంచినచో, హిందీ యెఱిగిన విద్యార్థి మొదటి రెండక్షరములయందు ఒకే హల్లు రెండు రూపములు దాల్చుటను, ‘కా’ ‘నా’లయందు ఒకే దీర్ఘచిహ్నముండుటను తానే కనుగొనును. గుణింతము అతనికి వల్లెవేయవలసిన పట్టికగా కాక, తాను కనిపెట్టిన సూత్రముగా నిలుచును. తరువాత పట్టికను చూపవచ్చును. అప్పుడది అతడు ఎదురుచూచుచున్న పుట యగును.

నిరక్షరులైన వయోజనులకు ఈ పద్ధతిని యథాతథముగ వర్తింపజేయరాదు. వారికి మొదట కావలసినది ఊహానందము కాదు, నిస్సంశయమైన సహాయము. అక్షరజ్ఞానము కలిగి క్రొత్తలిపిని సమీపించువారి విషయమున మాత్రము, తెలియని పుటను వెంటనే విడమరచి చెప్పుటకంటె కొంతసేపు వారిచేత నుంచుట మేలు. ఏ పుటను ఎప్పుడు చేతికీయవలెనో నిర్ణయించుటయే బోధకుని నేర్పు. ‘ట్యూనిక్’ కర్త ఆ నేర్పును ఆటరూపమున చూపినాడు. ప్రథమపాఠములను కూర్చునపుడు మనమును దానిని పరీక్షించి చూడవలసియున్నది.