రాచపుండును గుర్తించు యంత్రము

ఊపిరితిత్తుల రాచపుండు, అనగా క్యాన్సరు, అందఱికిని ఒకే తీరున నుండదు. కణములలోని ఏ జన్యువు మాఱినదో తెలిసినగాని తగిన మందు నిర్ణయింపరాదు. ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువునందు కొన్ని మార్పులుగల రోగులకు జెఫిటినిబ్ అను మాత్ర బాగుగా పనిచేయునని 2004లో తేలెను. చుట్ట ముట్టనివారియందును ఈ మార్పు తఱచుగా కానవచ్చును. రోగిని నిందించు ఇరుగుపొరుగు వారు ఇది యెఱుగరు.

2018లో న్యూయార్కు విశ్వవిద్యాలయ పరిశోధకులు, జన్యుపరీక్ష జరిగిన కణితుల సూక్ష్మదర్శిని చిత్రములను వందలకొలది కంప్యూటరునకు జూపి అభ్యాసము చేయించిరి. బాలుడు అక్షరములను పలుమాఱు చూచి గుర్తుపట్టినట్లు, అది క్రొత్త చిత్రమును జూచి రోగభేదమును జక్కగా చెప్పెను. ఆఱు జన్యువుల మార్పులను గూడ ఊహించెను గాని అంత నిక్కముగా గాదు. ఏ రోగిని ముందుగా జన్యుపరీక్షకు పంపవలెనో తెలిసికొనుటకు ఇది తోడ్పడునని మేము తలంచుచున్నాము. ఊహనే నమ్మి మందిచ్చినచో, పనిచేయని మాత్ర మ్రింగుచు రోగి అమూల్యమైన నెలలు కోల్పోవును.