ఆక్సీకరణం – క్షయకరణం

వానకు తడిసిన నాగలి కర్రు కొద్దిరోజులకే ఎర్రబారుతుంది. గాలిలోని ఆక్సిజన్, నీరు కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. ఇది ఆక్సీకరణం. కొలిమిలో జరిగేది దీనికి విలోమం. హెమటైట్ అనే ధాతువులో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. దానిని బొగ్గుతో చేర్చి మండించినప్పుడు ఏర్పడే కార్బన్ మోనాక్సైడ్, ఆ ఆక్సిజన్‌ను గ్రహించి ఇనుమును విడిపిస్తుంది. ఇది క్షయకరణం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలోని లోహకారులు ఇనుమును మూసలలో కరిగించి ఉక్కుగా మార్చేవారు. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంతదూరం వచ్చేవారు. ఆ పనివారు ఎలక్ట్రాన్ మాట వినలేదు. ఎంత బొగ్గు, ఎంత వేడి కావాలో మాత్రం ఎరుగుదురు.

'క్షయకరణం' అనే మాట విద్యార్థులను తికమకపెడుతుంది. 160 కిలోల శుద్ధ హెమటైట్ నుండి లభించే ఇనుము 112 కిలోలే. తక్కిన 48 కిలోలు ఆక్సిజన్. బరువు తగ్గుతున్నది కనుక పేరు సార్థకమే. అయితే దీనికి సమానమైన ఆంగ్లపదం, 'వెనుకకు తెచ్చుట' అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి పుట్టింది. లోహాన్ని స్వస్థితికి తెచ్చుట అని భావం. ఈ సొగసు తెలుగు పదంలో లేదు. (వ్యాకరణంలో ధాతువు పదానికి మూలం, ఇక్కడ లోహానికి మూలం!) 'ఆమ్లజని' కథ ఇంకొకటి. ఆమ్లాలన్నింటికీ ఆక్సిజనే మూలమని భావించి లావోయిజర్ ఆ వాయువుకు పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో డేవీ తెలిపినా పేరు నిలిచిపోయింది. తెలుగువారు దానినే అనువదించుకున్నారు.

1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్న తరువాత ఈ నిర్వచనాలు విస్తరించాయి. ఎలక్ట్రాన్‌లను కోల్పోవడం ఆక్సీకరణం, గ్రహించడం క్షయకరణం. గ్రహించినప్పుడు క్షయమెక్కడిది? తగ్గేది ఆక్సీకరణ సంఖ్య. హెమటైట్‌లో +3గా ఉన్న ఇనుము, పరమాణువుకు మూడు ఎలక్ట్రాన్‌ల చొప్పున గ్రహించి సున్నాకు చేరుతుంది. రెండు ఇనుప పరమాణువులు గ్రహించిన ఆరు ఎలక్ట్రాన్‌లను మూడు కార్బన్ మోనాక్సైడ్ అణువులు కోల్పోతాయి. దాత లేనిదే గ్రహీత లేడు. కనుక ఈ రెండు చర్యలు ఎన్నడూ విడివిడిగా జరగవు.

ఆక్సిజన్ ప్రమేయం లేకుండానూ ఆక్సీకరణం సంభవమే. నీలిరంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో జింక్ కడ్డీని ఉంచితే జింక్ ఎలక్ట్రాన్‌లను వదలి ద్రావణంలో కలుస్తుంది, రాగి కడ్డీపై పేరుకుంటుంది, రంగు వెలసిపోతుంది. ఇనుము కన్నా జింక్ ఎలక్ట్రాన్‌లను సులభంగా వదులుతుంది. అందుచేతనే జింక్ పూత పూసిన ఇనుపరేకు, పూత గీసుకుపోయిన చోట కూడా వెంటనే తుప్పు పట్టదు. ముందుగా జింకే తరిగిపోతుంది.